పీకిన మొక్క ఎక్కడ వేయాలి? వయ్యారిభామ, గుర్రపుడెక్క, సర్కారుతుమ్మ తొలగింపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలనీల వాళ్లూ, రైతులూ, కాలువ గట్ల వెంట ఉండేవాళ్లూ పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. ఈ మొక్కల్ని ఎలా చంపాలో అందరూ అడుగుతారు. చంపాక ఎక్కడ వేయాలో అడిగేవాళ్లు తక్కువ. ఇవి కొత్త చోటికి చేరడానికి మనం పీకి పారేసిన చెత్తా, తవ్వి పోసిన మట్టీ పెద్ద దారి. అందుకే ఆ సంగతే ఎక్కువగా రాశాం.

ఏయే మొక్కల గురించి చెబుతున్నారు?

నీళ్లలో గుర్రపుడెక్క, అంతరతామర. నేల మీద వయ్యారిభామ, సర్కారుతుమ్మ, లొట్టపీసు, లాంటానా అనే తలంబ్రాల చెట్టు. వయ్యారిభామనే కొందరు కాంగ్రెస్ గడ్డి అంటారు. సర్కారుతుమ్మను సీమతుమ్మ, ఇంగ్లీషు తుమ్మ అని పిలిచే ఊళ్లూ ఉన్నాయి. వీటిలో చాలావరకు అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. గుర్రపుడెక్క పుట్టిల్లు అమెజాన్ నది ప్రాంతం. పూలు బాగున్నాయని తెచ్చి పెంచారు, 19వ శతాబ్దం చివరికి బెంగాల్ నీళ్లలోకి చేరిపోయింది. వయ్యారిభామ మన దేశంలో మొదట కళ్లబడింది 1955 ప్రాంతంలో, పుణెలో. దిగుమతి గోధుమలతో కలిసి వచ్చిందని అంటారు. సర్కారుతుమ్మ కథ మన రాష్ట్రంతోనే ముడిపడి ఉంది. 1877-78 నాటికి జమైకా నుంచి విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించింది అప్పటి మద్రాసు అటవీ శాఖే.

బయటి నుంచి వచ్చిన మొక్కలన్నీ చెడ్డవేనా? మరి మిరప కూడా బయటిదేగా?

బయటిదే. పోర్చుగీసువాళ్లతో వచ్చిన మిరప లేకపోతే గుంటూరుకు ఇంత పేరే లేదు. టమాటా, వేరుశనగ, బొప్పాయి కూడా అలా వచ్చినవే. మిరప మనం నాటిన చోట పెరుగుతుంది, మనం వదిలేస్తే పోతుంది. వయ్యారిభామ ఎవరూ నాటకుండానే పెరుగుతుంది, పక్కన ఇంకో మొక్కను లేవనివ్వదు. పుట్టిన ఊరు ఏదన్నది కాదు, వచ్చిన చోట ఏం చేస్తోందన్నదే చూడాలి.

చట్టం చూసేదీ అదే. వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణలో దురాక్రమణ జాతులకు మొదటిసారి నిర్వచనం ఇచ్చారు. భారతదేశానికి చెందనిదై, వ్యాపించడం వల్ల వన్యప్రాణులకో వాటి ఆవాసానికో ముప్పు తెచ్చే మొక్క గానీ జంతువు గానీ ఆ నిర్వచనంలోకి వస్తుంది. బయటిది కావడం, ముప్పు తేవడం రెండూ ఉండాలి.

నా స్థలంలో ఇవి ఉంటే తీసేయాలని చట్టం ఉందా? తీయకపోతే జరిమానా వేస్తారా?

మన దగ్గర ఒకే చట్టం లేదు. ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. ఆంధ్ర ప్రాంతానికి మద్రాసు కాలం నాటి వ్యవసాయ చీడపీడల చట్టం ఉంది, 1919ది. హానికరమైన కలుపు ఫలానాదని ప్రభుత్వం నోటిఫై చేస్తే, ఆ ప్రాంతంలో భూమి సాగు చేసుకునేవాళ్లు చెప్పిన పద్ధతిలో దాన్ని తీసేయాలి. తీయకపోతే అధికారులే తీయించి ఖర్చు వసూలు చేయవచ్చు. అంటే నోటిఫికేషన్ వెలువడిన మొక్కకూ ప్రాంతానికే ఆ బాధ్యత. ఇందాక చెప్పిన 2022 సవరణ కేంద్రానికి మరో అధికారం ఇచ్చింది. ఇలాంటి జాతుల దిగుమతి, అమ్మకం, దగ్గర ఉంచుకోవడం, వ్యాప్తి, వీటిని నోటిఫికేషన్ ద్వారా నియంత్రించవచ్చు, నిషేధించవచ్చు. విదేశాల నుంచి మొక్కలు, విత్తనాలు తేవడానికి 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. అమెరికా నుంచి వచ్చే పిల్లల సూట్‌కేసులో పూల విత్తనాల పొట్లం వచ్చినా అది ఆ ఉత్తర్వు కిందికే వస్తుంది. దయచేసి తెప్పించుకోకండి.

కాబట్టి మీ పెరట్లో వయ్యారిభామ మొక్క ఉందని రేపు పొద్దున ఎవరూ వచ్చి కేసు పెట్టరు. తీసిన చెత్తను రోడ్డు మీద వేసినా, కాలువలో తోసినా, తగలబెట్టినా మాత్రం నిబంధనలు సూటిగానే పట్టుకుంటాయి.

తీసిన చెత్త విషయంలో నిబంధనలు ఏం చెబుతున్నాయి?

ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. తోట చెత్తను, మొక్కల చెత్తను వేరుగా మీ ఆవరణలోనే ఉంచి, నగరపాలక సంస్థో పంచాయతీయో చెప్పినట్టు వదిలించుకోవాలి. మీ ఆవరణ దాటి వీధిలో గానీ, బహిరంగ స్థలంలో గానీ, డ్రెయిన్‌లో గానీ, చెరువులో గానీ పారేయకూడదు, కాల్చకూడదు, పూడ్చకూడదు. నీటి కాలుష్య నివారణ చట్టం, 1974ది, దీనికి ఇంకొంచెం కలిపింది. నీటి ప్రవాహానికి అడ్డుపడి కాలుష్యాన్ని పెంచే ఏ పదార్థాన్నీ తెలిసి తెలిసి వాగులో, కాలువలో వేయకూడదు. ఒక ట్రాక్టరు గుర్రపుడెక్కను మీ వీధి చివర నుంచి తీసి, పక్క డివిజన్ కాలువలో దించి వెళ్లడం ఈ లెక్కలోకే వస్తుంది.

ఎండబెట్టి తగలబెడితే తేలికగా పోతుందిగా?

వద్దు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు పరిహారం కట్టాలి. డబ్బు అలా ఉంచండి. వయ్యారిభామ పొడి, పుప్పొడి ఒంటికి పడనివాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఆ పొగను ఆస్తమా ఉన్న పక్కింటి పెద్దావిడ ముక్కు దాకా ఎందుకు పంపాలి? గింజ ముదిరిన మొక్కను కాలిస్తే పైవి కాలతాయి. అప్పటికే నేలలోకి దిగిన గింజలకు ఏమీ కాదు. తొలకరికి మళ్లీ మొలుస్తాయి.

వయ్యారిభామను ఎప్పుడు పీకాలి? ఎలా?

పువ్వు రాకముందు. దీనికి ఇదే ప్రాణం. మొలిచిన నెల, నెలన్నరలోనే తెల్లటి చిన్న పూలు వేస్తుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. 15,000 నుంచి 25,000 దాకా అని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఆ గింజ గాలికి, నీటికి, చెప్పుల మట్టికి, ట్రాక్టరు టైరుకు అంటుకుని పోతుంది. నేలలో పడ్డవి ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి.

వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉంటుంది, వేరుతో సహా వస్తుంది. కొడవలితో పైపైన కోస్తే మొదలు నుంచి మళ్లీ చిగురిస్తుంది, పైగా పొట్టిగా ఉండగానే పూస్తుంది. మున్సిపాలిటీ వాళ్లు మెషిన్‌తో గడ్డి కోసేటప్పుడు దీన్ని కూడా కలిపి కోసేస్తుంటారు. అలా కోసేసిన చోట నెల తిరక్కుండా తెల్లగా పూసి కనబడేది ఇదే.

చేతికి గ్లౌజులు, ముక్కుకు మాస్క్ లేదా తడి తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. ఒంటికి పడని వాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు దగ్గరికి రావద్దు. వయ్యారిభామ పీకడానికి బడి పిల్లల్ని పిలవడం మాకు అస్సలు ఇష్టం లేదు. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతా వయ్యారిభామ అవగాహన వారం జరుగుతుంది. ఆ వారంలో పిల్లలకు మొక్కను చూపించండి, పేరు చెప్పండి, పీకే పని పెద్దవాళ్లే చేయండి.

పీకాక ఏం చేయాలి?

పువ్వు రాని మొక్కయితే మంచి ఎరువే. పొలం మూలన గాని, కాలనీ పార్కులో గాని గొయ్యి తీసి, ఒక పొర మొక్కలు, దాని మీద పల్చగా మట్టి, పేడనీళ్లు చల్లి మళ్లీ ఇంకో పొర, ఇలా నింపి పైన మట్టితో మూసేయండి. నాలుగైదు నెలలకు మాగుతుంది. జల్లెడ పట్టి వాడుకోవచ్చు.

పూసినదీ, గింజ పట్టినదీ ఎరువు గొయ్యిలో వేయకండి. ఇంటి దగ్గర మనం తీసే గొయ్యిలో గింజను చంపేంత వేడి అన్ని చోట్లా పుట్టదు. గొయ్యి అంచున గింజ బతికే ఉంటుంది, ఆ ఎరువు చల్లిన ప్రతి మడిలోనూ మొలుస్తుంది. పూసినవాటిని పీకిన చోటే, కదిలించకుండా, సంచిలోకి దించండి. మూతి కట్టండి. ఆ సంచులను ఎండలో కొన్ని వారాలు ఉంచి, లోపలిది పూర్తిగా కుళ్లి నల్లబడ్డాక, చెత్త బండి వాళ్లకు ఏముందో చెప్పి వేరుగా ఇవ్వండి. మోపు కట్టి నెత్తిన పెట్టుకుని వీధంతా నడిచి తీసుకెళితే గింజలు దారంతా రాలతాయి.

గేదెలకు వేయకండి. మేత దొరకని రోజుల్లో తింటాయి. పాలు చేదెక్కుతాయి, చర్మం, నోరు పుండ్లు పడతాయి.

పొలం గట్టు మీద ఉంటే పంటకేం నష్టం? గట్టు కదా, వదిలేస్తున్నాం.

వదలకండి. పత్తికి పట్టే పిండినల్లి పంట లేని రోజుల్లో వయ్యారిభామ మీద బతుకుతుంది. ఇంకా పెద్ద ముప్పు వైరస్. 2000లో అనంతపురం జిల్లా వేరుశనగను నాశనం చేసిన కాండం కుళ్లు తెగులుకు కారణమైన వైరస్, వయ్యారిభామలో ఏ లక్షణమూ చూపకుండా దాక్కుంటుంది. దాని పుప్పొడిని తామరపురుగులు పంట మీదికి మోస్తాయి. తామరపురుగు అంటే ఏమిటో మిర్చి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. చేను ఎంత శుభ్రంగా ఉంచుకున్నా గట్టు నిండా ఇది పూసి ఉంటే తలుపుకు తాళం వేసి కిటికీ తెరిచి ఉంచినట్టే.

గడ్డిమందు కొడితే పోతుందిగా? ఏది కొట్టాలి?

మొదట ఒక మాట. గ్లైఫోసేట్ అనే గడ్డిమందు వాడకాన్ని 2022 అక్టోబరులో కేంద్రం పరిమితం చేసింది. ఆ నోటిఫికేషన్ ప్రకారం దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదు. అంతకుముందు కూడా మన దేశంలో దానికి అనుమతి ఉన్నది తేయాకు తోటలకూ, పంట లేని స్థలాలకూ మాత్రమే. షాపులో సీసా దొరికినంత మాత్రాన మీరు కొట్టవచ్చని కాదు.

2,4-డి మందు వెడల్పాకు కలుపును చంపుతుంది, వయ్యారిభామనూ చంపుతుంది. కానీ గుంటూరు జిల్లాలో దాన్ని చేతిలోకి తీసుకునే ముందు చుట్టూ చూడండి. పత్తి ఆ మందుకు ఎంత సున్నితమంటే, పక్క గట్టు మీద కొట్టిన తుంపర గాలికి వచ్చి తాకినా ఆకులు ముడుచుకుని వేళ్లలా సాగిపోతాయి. మిరప, టమాటా, వంగ కూడా తట్టుకోవు. గాలి ఉన్నప్పుడు కొట్టకండి. ఎండ మండే మధ్యాహ్నం కొట్టకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మందు కొట్టిన స్ప్రేయర్‌తో మళ్లీ మిరపకు పురుగుమందు కొట్టకండి. ట్యాంకులో, గొట్టంలో మిగిలిన కాస్తే చేనును పాడు చేస్తుంది. గడ్డిమందుకు ఒక స్ప్రేయర్‌ను పూర్తిగా విడిగా ఉంచుకోవడమే దారి. కౌలు రైతుకు ఇది ఖర్చే, తెలుసు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి ఉంచుకోండి.

పారాక్వాట్ జోలికి వెళ్లకండి అన్నది మా గట్టి మాట. కలుపు తొందరగా మాడుతుంది, కానీ పైభాగమే మాడుతుంది. మనిషి కడుపులోకి కొంచెం వెళ్లినా విరుగుడు మందు లేదు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ డబ్బా ఉండకూడదు.

డబ్బా మీద ఉండే త్రిభుజం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. లేబుల్ మీద రాసిన పంటకూ కలుపుకూ మోతాదుకూ మించి వాడకండి. ఖాళీ డబ్బాను నీళ్లతో మూడుసార్లు కడిగి, ఆ నీళ్లను స్ప్రేయర్‌లోనే పోసి, డబ్బాకు చిల్లు పొడిచి మళ్లీ ఎవరూ వాడకుండా చేయాలి. 1971 నాటి పురుగుమందుల నియమాలు చెప్పేదీ ఇదే, వాడిన డబ్బాలను బయట వదలకుండా పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పాతిపెట్టాలని. కాలువ రేవులో కడగడం మాత్రం మన దగ్గర రోజూ చూస్తున్నాం. కింద ఊళ్ల వాళ్లు ఆ నీళ్లే తాగుతారు.

ఉప్పునీళ్లు కొడితే చాలని విన్నాం. నిజమేనా?

లీటరు నీటికి 200 గ్రాముల చొప్పున కల్లుప్పు కలిపి, ఎండలో ఆకులన్నీ తడిసేలా కొడితే మాడుతుంది. బీడు స్థలంలో, సిమెంటు అంచుల్లో చేసుకోవచ్చు. పొలంలో, చెట్ల మొదట్లో, బావి దగ్గర వద్దు. ఆ ఉప్పు నేలలోనే ఉండిపోతుంది.

గుర్రపుడెక్క మళ్లీ మళ్లీ ఎందుకు వస్తోంది? పోయిన వేసవిలోనే తీశారు.

గింజ వల్లా, పిలకల వల్లా. నీళ్లు పోషకాలతో నిండి ఉంటే, అంటే మన ఇళ్ల మురుగు కలుస్తుంటే, వారం రెండు వారాల్లో రెట్టింపవుతుంది. అడుగు బురదలో పడ్డ గింజ 20 ఏళ్ల దాకా మొలకెత్తగలదు. పైన తేలేది తీసినంత మాత్రాన అడుగున ఉన్నది పోదు. ఒక్క పిలక గట్టు వారన చిక్కుకుని మిగిలినా చాలు.

ప్రకాశం బ్యారేజీ నుంచి నగరం మధ్యగా వెళ్లే ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లోనూ, బుడమేరులోనూ ఇది పేరుకున్నప్పుడు నీళ్ల వేగం పడిపోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. దానికి గుర్రపుడెక్కే కారణమనడం సరికాదు. అయినా నీరు బయటికి పోవలసిన దారుల్లో ఇంత మందాన ఆకు పేరుకుని ఉండటాన్ని మనం తేలిగ్గా తీసుకోకూడదు. అంతరతామర, గుర్రపుడెక్క వేళ్లను పట్టుకుని పెరిగే మాన్సోనియా దోమ ఒకటుంది, బోదకాలు క్రిమిని మోసే జాతి అది. నీళ్లు శుభ్రంగా కనిపించినా ఆ వేళ్ల మధ్య దాని లార్వా ఉంటుంది.

మా కాలనీ వాళ్లం కలిసి కాలువలో దిగి తీయొచ్చా?

దిగకండి. కాలువ జలవనరుల శాఖది, నగరంలోని మురుగు కాలువలు నగరపాలక సంస్థవి. అనుమతి సంగతి ఒకటి, ప్రాణం సంగతి ఇంకొకటి. గుర్రపుడెక్క పరుచుకున్న చోట లోతు తెలియదు, పాములుంటాయి, వేళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి. గట్టు మీద నుంచి పొడుగు కర్రకు కట్టిన పళ్లగొర్రుతో లాగడం, తీసినదాన్ని గట్టు అవతలికి మోయడం కాలనీ వాళ్లు చేయగలిగిన పని. అది కూడా సంబంధిత ఇంజినీర్‌కు చెప్పి, వాళ్ల మనిషి ఉండగా చేయండి. పొలాల కాలువలైతే నీటి వినియోగదారుల సంఘం ఉంటుంది, 1997 చట్టంతో ఏర్పడ్డ సంఘాలు ఇవి. ముందు అక్కడ అడగండి. వేసవిలో కాలువలు కట్టేసిన రోజులే దీనికి మంచి సమయం. నీళ్లు వదిలాక హడావుడి పడి లాభం లేదు.

తీసిన గుర్రపుడెక్కను గట్టు మీద వేస్తే సరిపోతుందా?

ఇక్కడే పనంతా చెడుతోంది. లక్షలు ఖర్చు పెట్టి యంత్రంతో తీస్తారు, గట్టు అంచునే కుప్ప పోస్తారు. మొదటి గట్టి వానకు సగం కుప్ప మళ్లీ నీళ్లలో ఉంటుంది. కుప్ప అడుగున తడి తగ్గదు, అక్కడ పిలకలు బతికే ఉంటాయి. ఇది చూస్తుంటే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఇంకో ఇరవై ముప్పై అడుగులు అవతలికి వేస్తే ఆ ఖర్చుకు ఫలితం దక్కేది.

గట్టు వాలు నీళ్ల వైపు లేని చోట, వాన నీళ్లు కాలువలోకి పారని చోట వేయాలి. వేళ్లు ఆకాశం వైపు ఉండేలా తిరగేసి, పల్చగా పరచాలి. దీని బరువులో 90 శాతానికి పైగా నీళ్లే, మన ఎండకు కొద్ది రోజుల్లో పిడికెడవుతుంది. అప్పుడు మోయడం తేలిక, ట్రిప్పుల ఖర్చు తగ్గుతుంది. పచ్చిగా ఉండగా లారీకెత్తితే నీళ్లు మోసిన కిరాయి కట్టినట్టు.

ఎండినదాన్ని పేడతో, మట్టితో కలిపి ఎరువు చేయవచ్చు, బయోగ్యాస్‌కూ పనికొస్తుంది. కానీ ఏ నీళ్లలో పెరిగిందో చూసుకోండి. ఈ మొక్క నీళ్లలోని సీసం, కాడ్మియం, క్రోమియం లాంటి లోహాలను వేళ్లలోకి పీల్చుకుంటుంది. పరిశ్రమల నీళ్లు కలిసే డ్రెయిన్ నుంచి తీసినదైతే ఆ ఎరువును ఆకుకూరలకూ కూరగాయలకూ వేయకండి, పశువులకు మేతగా అసలు వేయకండి.

కాలువలో, చెరువులో మందు కొట్టొచ్చా?

సొంతంగా కొట్టకండి. ఒకేసారి చచ్చిన ఆకంతా అడుగుకు చేరి కుళ్లుతుంది, నీళ్లలో ఆక్సిజన్ అయిపోతుంది, చేపలు తేలతాయి. ఆ నీళ్లే పొలాలకూ, మంచినీటి చెరువులకూ పోతాయి. చేపల చెరువు మీ సొంతమైనా మత్స్యశాఖ వాళ్లను అడిగి, చేత్తోనే తీయించండి.

గుర్రపుడెక్కను తినే పురుగులున్నాయట కదా. ఎక్కడ దొరుకుతాయి?

ఉన్నాయి. నియోకెటినా అనే ముక్కు పురుగులను 1980ల మొదట్లో బెంగళూరులో పరీక్షించి దేశంలోకి వదిలారు. వయ్యారిభామ ఆకుల్ని తినే మెక్సికన్ పెంకుపురుగు, జైగోగ్రామా, కూడా అప్పుడే వచ్చింది. పొద్దుతిరుగుడు ఆకులు తింటోందని కొన్నాళ్లు గొడవ జరిగింది, తర్వాత పరిశీలనలో పంటకు ముప్పు కాదని తేల్చారు. వానాకాలంలో వయ్యారిభామ మీద లేత పసుపు రంగు, నల్లని చారల పురుగులు గుంపుగా కనిపిస్తే వాటి మీద మందు కొట్టకండి. ఆ మొక్కలు అప్పుడే పీకకండి కూడా. వాటిని ఇంకో చోటికి తరలించాలంటే వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలను అడగండి, గుంటూరు పక్కన లాంలోనే ఉన్నారు. ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మే పురుగులను కొని వదలొద్దు.

సర్కారుతుమ్మ కొట్టేశాం. రెండు నెలలకే మూడింతలు లేచింది.

మొదలు వదిలి కొడితే అంతే. నేల కింద జానెడు లోతున ఉండే మొద్దు నుంచి చిగుళ్లు వస్తాయి. ఆ మొద్దు పెళ్లగించాలి. జేసీబీతో అయితే వేరుతో సహా లేపాలి. లేత మొక్కలను వాన తర్వాత పలుగుతో తీయవచ్చు. ముళ్లు టైరులో దిగితే పంక్చరు, కాలిలో దిగితే చీము, కాబట్టి బూట్లు వేసుకోండి.

కొట్టే ముందు అది ఎవరి స్థలంలో ఉందో చూడండి. రోడ్డు మార్జిన్, కాలువ గట్టు, చెరువు పోరంబోకు, అడవి, ఇవేవీ మనవి కావు. నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే 2002 నాటి వాల్టా, చెట్లు కొట్టడానికి అనుమతి అడుగుతుంది. రిజర్వు అడవిలో అయితే 1967 అటవీ చట్టం. కొండపల్లి కొండల్లో లాంటానా తీద్దామని సదుద్దేశంతో కత్తి పట్టుకుని వెళ్లినా కేసే. అటవీ శాఖ వాళ్లతో కలిసే వెళ్లండి.

కర్ర వృథా కాదు, బొగ్గు కాలుస్తారు, వంట చెరుకు. కాయలున్న కొమ్మల్ని మాత్రం లారీలో వేయకండి. మేకలు, గేదెలు ఆ తియ్యటి కాయ తింటాయి, గింజ అరగదు, పేడలో పడి మొలుస్తుంది. తుమ్మ మేసిన మందను కొత్త పొలంలో పెంటకు కట్టే ముందు ఆలోచించండి.

గట్టు మీది తుమ్మలన్నీ ఒకేసారి పీకితే గట్టు జారుతుంది. కొంచెం కొంచెం తీస్తూ వెంట వెంట కానుగ, వేప, తాటి నాటుకుంటూ రావాలి.

లొట్టపీసు కంచె వేసుకున్నాం. తప్పా?

మేకలు తినవని వేస్తారు. మేత లేని రోజుల్లో తింటాయి, నరాలు దెబ్బతిని చస్తాయి. పీకిన కాడ ముక్క తడి తగిలితే చాలు, వేరు పోస్తుంది. డ్రెయిన్‌లో పారేసిన ఒక మోపు కిందికంతా కొత్త పొద అవుతుంది. తీశాక మీ ఆవరణలోనే గచ్చు మీద, రాతి మీద, నేలకు తగలకుండా పూర్తిగా ఎండేదాకా ఉంచండి.

ఇంటి స్థలానికి మట్టి తోలించాం. ఇప్పుడంతా వయ్యారిభామే.

మట్టితో వచ్చింది. అమరావతి వైపు, విజయవాడ శివార్లలో రోజుకెన్ని టిప్పర్ల మట్టి తిరుగుతోందో చూస్తున్నాం కదా. తోలించే ముందు ఆ మట్టి ఎక్కడ తవ్వుతున్నారో వెళ్లి చూడండి. పైపొర మట్టిలోనే గింజ ఉంటుంది. పై అడుగు పక్కన పెట్టి కింది మట్టి అడగండి. వచ్చేశాక అయితే మొదటి వానకు మొలిచినదంతా పువ్వు రాకముందే పీకి, రెండో వానకు మళ్లీ పీకండి. మీ స్థలంలో తవ్విన మట్టిని ఎవరికైనా ఇస్తుంటే ఇందులో ఫలానా గింజ ఉందని చెప్పి ఇవ్వండి.

పీకాక చోటు ఖాళీగా వదిలేయొచ్చా?

ఖాళీగా వదిలితే మళ్లీ అదే వస్తుంది. వానల ముందు తగిరిస గింజలు చల్లితే వయ్యారిభామను బాగా అణుస్తుంది, బంతి కూడా కొంత పనికొస్తుంది. పొలమైతే జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూతకు ముందు కలియదున్నండి, పచ్చిరొట్ట ఎరువూ దక్కుతుంది.

డివైడర్ల మీది కోనోకార్పస్ కూడా ఈ జాబితాలోదేనా? కొట్టేయొచ్చా?

మీరు కొట్టకండి, అది నగరపాలక సంస్థ ఆస్తి. పుప్పొడి, వేళ్లు డ్రెయిన్లలోకి వెళ్లడం మీద ఫిర్యాదులున్నాయి. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. కొత్తగా మాత్రం నాటకండి. నీడకు మన కానుగ, వేప, పొగడ ఉండగా దాని అవసరం ఏముంది?

అక్వేరియంలో మిగిలిన మొక్కలు, తొట్టిలో పెరిగిన అంతరతామర ఏం చేయాలి?

కాలువలోనో చెరువులోనో వదలకండి. గచ్చు మీద ఎండబెట్టి, కరకరలాడేలా ఎండాక చెత్తలో వేయండి. తొట్టి నీళ్లు డ్రెయిన్‌లో కాకుండా కుండీలకు పోయండి. నర్సరీలో పూలు బాగున్నాయని గుర్రపుడెక్క అమ్మితే కొనకండి.

పీకాక చేతులు దద్దుర్లు వచ్చాయి.

సబ్బుతో కడుక్కోండి, బట్టలు విడిగా ఉతకండి, గోకకండి. దద్దు తగ్గకపోయినా, ముఖం వాచినా, ఆయాసం వచ్చినా చర్మ వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఒకసారి పడని వాళ్లకు తర్వాత ఇంకా ఎక్కువ పడదు. ఇక ఆ పని వేరేవాళ్లకు అప్పగించండి.

పక్క ఖాళీ ప్లాటు యజమాని హైదరాబాదులో ఉన్నారు. ఫోన్ ఎత్తరు. ఎవరికి చెప్పాలి?

గోడ దూకి పీకకండి, అది అతిక్రమణ అవుతుంది. ఖాళీ స్థలాన్ని పొదలతో వదిలేసిన యజమానికి నోటీసిచ్చి శుభ్రం చేయించే, చేయకపోతే తానే చేయించి ఖర్చు రాబట్టే అధికారం నగరపాలక సంస్థకు ఉంది. వార్డు సచివాలయంలో శానిటేషన్ కార్యదర్శికి కాగితం మీద రాసివ్వండి, నోటి మాటగా చెప్పి రాకండి. ప్లాటు నంబరు, సర్వే నంబరు, ఎటు పక్క ఏముందో, మొక్క పేరు, పూసిందా లేదా, తేదీతో ఫోటో, ఇవన్నీ జత చేసి రసీదు తీసుకోండి. ఊళ్లో అయితే పంచాయతీ కార్యదర్శి, పొలం విషయమైతే రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులు, కాలువ అయితే జలవనరుల శాఖ సెక్షన్ ఆఫీసు. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే కాగితం, అదే రసీదు నకలుతో ఇవ్వండి. పువ్వు రాకముందే ఇవ్వండి. గింజ రాలాక వచ్చి శుభ్రం చేసినా, వచ్చే వానకు మీ ఇంటి గోడ పక్కనే మొలుస్తుంది.